సరస్వతి ఆకుతో రెండేళ్లు: మా ఇంటి పెన్సిళ్ల లెక్క

మావాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఏడో ఏట బడివాళ్లు పిలిచి, క్లాసులో కుదురు లేదు, డాక్టరుకి చూపించండి అన్నారు. మేం చూపించలేదు. "గుంటడికి ఏటయిపోయింది? ఆకు రసం పొయ్యండి, ఆడే కుదుటపడతాడు" అంది మా అమ్మ. మాత్రలంటే మాకున్న భయానికి ఆ మాట బాగానే అతికింది.

అమ్మ చెప్పిన ఆకు, జ్ఞాపకశక్తికి మంచిదంటారే, ఆ బ్రాహ్మి. అలా అడిగితే విశాఖలో రెండు రకాలు చేతికొస్తాయి. ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఆకుకూరల ఆవిడ తెచ్చిపెట్టేది సరస్వతి ఆకు. గుండ్రంగా, అంచులు నొక్కినట్టుగా ఉంటుంది. పూర్ణా మార్కెట్‌లో మూలికల కొట్టతను పొట్లం కట్టిచ్చింది నీటి బ్రాహ్మి. చిన్న మందపాటి ఆకులు, నోట్లో వేసుకుంటే వెర్రి చేదు. రెండూ వేర్వేరు మొక్కలని నాకు ఆర్నెల్లకి గానీ తెలీలేదు.

పని చేస్తోందో లేదో చూద్దామని గోడ క్యాలెండరు మీద వారానికి వాడు పోగొట్టిన పెన్సిళ్లు రాశాను. మొదలుపెట్టకముందు ఐదు. సరస్వతి ఆకు రసం తేనెతో రెండు నెలలు ఇచ్చాక ఐదు. నీటి బ్రాహ్మి పొడికి మారాక నాలుగు, ఐదు, మళ్లీ ఆరు. పరగడుపున ఇచ్చిన రోజుల్లో కడుపు తిప్పి విరేచనాలు, అన్నం తిన్నాక ఇస్తే తగ్గాయి. మే నెలంతా సున్నా! ఇంట్లో పండగ. జూన్ 12న బడి తెరిచారు, ఆ వారం మళ్లీ ఐదు. సెలవుల్లో పెన్సిలు పట్టుకున్నదెవరని మాకెవరికీ తట్టలేదు.

తర్వాత సారస్వతారిష్టం అనే ఆయుర్వేద మందు. తియ్యగా ఉంటుంది కాబట్టి పేచీ పెట్టకుండా తాగేవాడు. అరిష్టం అంటే పులియబెట్టిన మందు, అందులో దానంతటదే పుట్టే ఆల్కహాల్ ఉంటుంది. సీసా మీద 5-10 శాతం అని చిన్న అక్షరాల్లో రాసే ఉంది. పిల్లాడికి నాలుగు నెలలు పోశాక చదివాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. అమ్మ వసకొమ్ము అరగదీసి నాకిద్దామంది, అది మాత్రం వద్దన్నాను. వసలో ఉండే బీటా అసరోన్ అనే రసాయనం కారణంగా అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించారు.

నా సంగతీ చెప్పాలి. బండి తాళాలు, పాలపొయ్యి, కరెంటు బిల్లు, అన్నీ మర్చిపోయేవాణ్ని నేనూను. పెన్నేరుగడ్డ (అశ్వగంధ) గుళికలు మూడు నెలలు వేసుకున్నాను. నిద్ర బాగా పట్టింది, అది అబద్ధం చెప్పను. తాళాలు మాత్రం పోతూనే ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర వాడుతున్నానని తెలిసి డాక్టరు ఆపేయమన్నారు, ఆ గడ్డ ఒంట్లో థైరాయిడ్ హార్మోను స్థాయిని పెంచగలదట. అరుదుగా కాలేయం దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారన్నారు.

ఆ డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి పద్నాలుగు నెలలు పోయాయి. ముందు కళ్లు, చెవులు, నిద్ర చూసి, వాడి తీరు గురించి బడివాళ్ల చేత ప్రశ్నల కాగితం నింపించి, ఆ తర్వాతే ఏడీహెచ్‌డీ, అంటే కుదురూ ధ్యాసా నిలవని సమస్య అన్నారు. నీటి బ్రాహ్మి గురించి అడిగితే కోప్పడలేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) తయారుచేసిన బ్రాహ్మి సారాన్నే ఆస్ట్రేలియాలో 6-14 ఏళ్ల మగపిల్లలకి 14 వారాలు ఇచ్చి చూశారనీ, ప్రవర్తనలో మందు లేని ఉత్తుత్తి గుళికకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదనీ చెప్పారు. నన్ను కూడా పన్నెండేళ్లలోపు ఎలా ఉండేవాడివని అడిగారు. మా అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

ఇప్పుడు మావాడికి డాక్టరు రాసిచ్చిన మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు వాడుతున్నాం. చీటీ లేకుండా ఏ మందులషాపూ ఇవ్వదు. ఇదీ అమృతమేం కాదు. మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది, అన్నం డబ్బా నిండుగానే తిరిగొస్తుంది, అందుకని పొద్దున్నే పెసరట్టు రెండు వేసి పంపిస్తున్నాం. మూణ్నెల్లకోసారి ఎత్తు, బరువు, బీపీ చూస్తారు. హోంవర్కు పదేసి నిమిషాల ముక్కలుగా చేయించమన్నదీ ఆ డాక్టరే. అదైతే మొదటి వారంలోనే తేడా కనిపించింది.

సరస్వతి ఆకు ఇంకా బాల్కనీ కుండీలో ఉంది, కొబ్బరి వేసి పచ్చడి చేస్తే భలే ఉంటుంది. పోయిన వారం లెక్క: పెన్సిలొకటి, డబ్బా మూతొకటి. మూత ఆటోలో దొరికింది.