అమెరికా టారిఫ్ పేరుతో మన దగ్గర డబ్బు అడుగుతున్నారు, జాగ్రత్త

కిక్‌స్టార్టర్, గేమ్‌ఫౌండ్ లాంటి క్రౌడ్‌ఫండింగ్ (తయారీకి ముందే జనం దగ్గర డబ్బు సేకరించే) వెబ్‌సైట్లలో బోర్డ్ గేమ్‌కి ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తున్న వాళ్లందరూ ఇది ఒకసారి చదవండి. టారిఫ్‌లు (దిగుమతి సుంకాలు) పెరిగాయి, అదనంగా ఇంత కడితేనే మీ బాక్స్ పంపుతాం అని మెయిల్ వస్తే వెంటనే కార్డు బయటికి తీయకండి. మీ అడ్రస్ ఇండియాలో ఉంటే అసలు తీయకండి.

ఒక అమెరికన్ పబ్లిషర్ తీసుకొచ్చిన మినియేచర్ల (చిన్న బొమ్మల) గేమ్‌కి నేను 120 డాలర్లు ప్లెడ్జ్ చేశాను, అంటే ముందస్తుగా ఇచ్చాను. షిప్పింగ్ తర్వాత వసూలు చేస్తామని ముందే చెప్పారు, ప్లెడ్జ్ మేనేజర్ (తర్వాత అడ్రస్, షిప్పింగ్ డబ్బు తీసుకునే పేజీ) తెరిచినప్పుడు అదీ కట్టేశాను. ఇక బాక్స్ రావడమే మిగిలింది అనుకుంటుంటే 2025 జూన్‌లో ఇంకో బిల్లు వచ్చింది. "టారిఫ్ కంట్రిబ్యూషన్" అట, 35 డాలర్లు. రెండు వారాల్లో కట్టకపోతే ఆర్డర్ పక్కన పెడతారు, మళ్లీ ఎప్పుడు పంపుతారో చెప్పలేరు. వాళ్లకి ముందే కట్టిన డబ్బు వాళ్ల దగ్గరే ఉంది, గేమ్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఆ రెండూ పెట్టుకుని గడువు విధించడం నాకు చాలా బాధనిపించింది.

టారిఫ్ కష్టం అబద్ధమని నేను అనడం లేదు. 2025 ఏప్రిల్‌లో చైనా వస్తువులపై అమెరికా సుంకం 145 శాతానికి వెళ్లింది. మనం ఆడే హాబీ గేముల్లో ఎక్కువ భాగం చైనాలోనే తయారవుతాయి కాబట్టి ఆ దెబ్బ నేరుగా పబ్లిషర్ల మీదే పడింది. స్పిరిట్ ఐలాండ్ అనే గేమ్ తీసుకొచ్చిన గ్రేటర్ దేన్ గేమ్స్‌లో చాలామంది ఉద్యోగాలు పోయాయి. వింగ్‌స్పాన్ అనే గేమ్ వేసిన స్టోన్‌మెయర్ గేమ్స్ ఆ సుంకాలకి వ్యతిరేకంగా కోర్టుకి వెళ్లింది. నిజంగా నష్టపోయిన చిన్న పబ్లిషర్ లెక్క చూపించి సాయం అడిగితే నేను సంతోషంగా ఇస్తాను.

కానీ నాకొచ్చిన లెక్క చూడండి. సుంకం మనం కట్టిన ధర మీద వేయరు, సరుకు దిగుమతి విలువ మీద వేస్తారు. హాబీ గేముల్లో తయారీ ఖర్చుకి సుమారు 5 రెట్లు అమ్మకం ధర పెట్టడం ఎప్పటినుంచో ఉన్న ఉజ్జాయింపు లెక్క. 120 డాలర్ల గేమ్ అంటే తయారీకి 24 డాలర్లు పడుతుందనుకుందాం. దాని మీద 145 శాతం వేస్తే దాదాపు 35 డాలర్లు, అంటే వాళ్లు అడిగిన అంకే. అయితే మే మధ్యలోనే ఆ రేటు 30 శాతానికి దిగింది. ఆ లెక్కన పడేది 7 డాలర్ల చిల్లర. రేటు తగ్గిన తర్వాత పంపిన మెయిల్‌లో పాత రేటు ఎందుకు ఉందో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

అంతకంటే పెద్ద విషయం ఇంకోటుంది. ఆసియా ఆర్డర్లు చైనాలోని గోడౌన్ నుంచే నేరుగా వెళ్తాయని వాళ్ల అప్‌డేట్‌లోనే రాసుకున్నారు. అంటే హైదరాబాద్ రావాల్సిన నా బాక్స్ అమెరికా గడ్డ మీద కాలే పెట్టదు, అమెరికా కస్టమ్స్‌కి ఒక్క డాలరు కట్టక్కర్లేదు. ఇక్కడ దిగాక మన కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, పైన కొరియర్ వాడి హ్యాండ్లింగ్ చార్జీ ఎలాగూ మనమే కడతాం. పక్కింటివాళ్ల కరెంటు బిల్లు కూడా మనమే కట్టాలంటే ఎలా? ఇదే అడిగితే, బ్యాకర్లంతా (ముందే డబ్బు కట్టినవాళ్లంతా) ఒక కుటుంబం, భారం అందరూ సమానంగా పంచుకోవాలి అని జవాబొచ్చింది. డబ్బు అడిగేటప్పుడు కుటుంబం అన్నారు. ఖర్చుల వివరాలు అడిగితే మాత్రం, ఇది షాపు కాదు, మీరు కొనుగోలుదారులు కాదు అన్నారు.

ఆ రెండో మాటలో కొంత నిజముంది కాబట్టే జాగ్రత్త. కిక్‌స్టార్టర్ తనను తాను షాపుగా చెప్పుకోదు. ఒప్పందం మీకూ పబ్లిషర్‌కీ మధ్యే. కానీ అదే నిబంధనల్లో ఇంకో సంగతీ ఉంది: మాట నిలబెట్టుకోలేని క్రియేటర్ (డబ్బు సేకరించినవాళ్లు) ఆ డబ్బు దేనికి వాడారో చూపించాలి, మిగిలింది ఉంటే తిరిగి ఇవ్వడానికి ముందుకు రావాలి. లెక్క అడగడం మన హక్కు, మొహమాటపడొద్దు.

ప్రభుత్వం చూసుకుంటుందిలే అనుకునేవాళ్లకి ఒక పాత కేసు. 2012లో ది డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ అనే గేమ్‌కి 1,22,000 డాలర్లకి పైగా వసూలైంది, ఆ సంస్థ గేమ్ ఇవ్వలేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రంగంలోకి దిగింది, క్రౌడ్‌ఫండింగ్ మీద వాళ్ల మొదటి కేసు అదే. 2015లో 1,11,000 డాలర్లకి పైగా కట్టాలని తేలింది, కట్టే స్తోమత లేదని ఆ వసూలు నిలిపేశారు. చివరికి క్రిప్టోజోయిక్ అనే ఇంకో కంపెనీ తన ఖర్చుతో గేమ్ వేసి బ్యాకర్లకి ఇచ్చింది. డబ్బు ఒకసారి చేతులు మారాక తిరిగి రావడం అంత కష్టం.

పెద్ద పేరు చూసి నమ్మడమూ కుదరదు. మిథిక్ గేమ్స్ 2020లో డార్కెస్ట్ డంజన్ బోర్డ్ గేమ్‌కి లక్షల డాలర్లు సేకరించింది, తర్వాత రెండో విడత సరుకు పంపడానికి మళ్లీ బ్యాకర్లనే డబ్బు అడిగింది. నేను ఇప్పుడు ప్లెడ్జ్ చేసే ముందు పబ్లిషర్ పాత క్యాంపెయిన్ల కామెంట్లు చదువుతున్నాను. పాతది పంపకుండా కొత్తది మొదలుపెట్టారంటే కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్ల గేమ్ వేస్తున్నారేమోనని అనుమానించాల్సిందే. స్టోన్‌మెయర్ 2015లో సైత్ అనే గేమ్‌కి భారీగా డబ్బు వచ్చాక కూడా కిక్‌స్టార్టర్ మానేసి, తయారు చేశాకే అమ్మే పద్ధతికి మారింది. అలాంటి చోట కొంటే ఈ టెన్షనే ఉండదు.

నేను ఆ 35 డాలర్లు కట్టలేదు. ఇండియా, సింగపూర్, ఆస్ట్రేలియా బ్యాకర్లం కొందరం కలిసి ఒకే ఉత్తరం రాశాం. దిగుమతి విలువ ఎంత, ఏ రేటు వేశారు, మా బాక్సులు ఏ పోర్టు నుంచి బయల్దేరుతాయి అని అడిగాం. జవాబు రాలేదు కానీ, కొద్ది వారాల్లో అమెరికా బయట ఉన్నవాళ్లకి ఆ బిల్లు చప్పుడు లేకుండా రద్దయింది. ముందే కట్టేసినవాళ్లకి మాత్రం డబ్బు వెనక్కి రాలేదు, పబ్లిషర్ సొంత వెబ్‌సైట్‌లో వాడుకునే స్టోర్ క్రెడిట్ ఇచ్చారు. మీరు కట్టేసి ఉంటే ఆ క్రెడిట్ ఒప్పుకునే ముందు మీ బ్యాంకుకి ఫోన్ చేసి చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకు వెనక్కి రప్పించడం) వీలవుతుందేమో కనుక్కోండి. దానికి గడువు ఉంటుంది, కాబట్టి ఈ వారమే చేయండి. మెయిళ్లు, బిల్లు, షిప్పింగ్ అప్‌డేట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా దాచుకోండి.