నులిపురుగులకు మల పరీక్షా, టేపు పరీక్షా?

రాత్రి పడుకున్నాక పిల్లాడు ముడ్డి దగ్గర దురదని ఏడుస్తుంటే చాలామంది మల పరీక్షకే పరుగెడతారు. రిపోర్టులో ఏమీ లేదంటే హమ్మయ్య అనుకుంటారు. అక్కడే పొరపాటు. తెల్లటి దారపు పోగులా ఉండే ఈ నులిపురుగు రాత్రిపూట బయటికొచ్చి మలద్వారం చుట్టూ చర్మం మీద గుడ్లు పెడుతుంది. అందుకే మలంలో అవి అరుదుగా దొరుకుతాయి.

ఈ దురదకు నేనైతే ముందు టేపు పరీక్షే అంటాను. పొద్దున లేవగానే, కడగకముందే, సెల్లోటేపు జిగురు వైపును అక్కడ అద్ది గాజు స్లైడుకు అంటిస్తారు. మైక్రోస్కోపులో ఒక పక్క చదునుగా ఉన్న గుడ్లు కనిపిస్తాయి. వరుసగా 3 రోజులు చేస్తే దొరికే అవకాశం పెరుగుతుంది.

ఏలికపాములు, కొంకిపురుగులు అనే వేరే రకం పేగు పురుగులకు మాత్రం మల పరీక్షే కావాలి. గుడ్లు రోజూ ఒకేలా పడవు కాబట్టి వేర్వేరు రోజుల్లో 2, 3 శాంపిళ్లు ఇవ్వండి.