‘మౌజర్ 98 అన్నిటికీ సరిపోతుంది’ అంటే నమ్మకండి, నేను నమ్మి రెండుసార్లు దెబ్బతిన్నాను

పాత వేట రైఫిల్‌కి విడి భాగాలు వెతుకుతున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మొదటిసారి నాకు డబ్బే పోయింది. రెండోసారి కాస్తలో కన్ను పోయేది.

నాది మౌజర్ 98 అనే జర్మన్ రైఫిల్ యాక్షన్ (తూటాని ఎక్కించి పేల్చే యంత్రభాగం) మీద కట్టిన పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే హ్యాండిల్ ఉన్న బోల్ట్ అనే కడ్డీని చేత్తో ముందుకీ వెనక్కీ జరిపి నడిపేది. ఫైరింగ్ పిన్ (బోల్ట్ లోపల ఉండి తూటా అడుగున కొట్టి పేల్చే సన్నటి కడ్డీ) మొన అరిగి చిట్లిపోవడంతో ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని చప్పుడే తప్ప తూటా పేలడం లేదు. పాత భాగాలు అమ్మే ఒకాయన దగ్గర ‘98 రకాలన్నిటికీ సరిపోయే ఒరిజినల్ పిన్’ కనిపించింది. ఫోటోలో తళతళలాడుతోంది. ఆయన నా రైఫిల్ గురించి ఒక్క ముక్క అడగలేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

పార్సిల్ విప్పి, పాత పిన్నునీ కొత్తదాన్నీ గుడ్డ మీద పక్కపక్కన పెట్టాను. వెనక చివర్లు సమానంగా జరిపితే కొత్తదాని మొన దాదాపు 6 మిల్లీమీటర్లు వెనకే ఆగిపోయింది. తీరా చూస్తే అది యుగోస్లావియా ఎం48ది. పైకి ఎం48 అచ్చం 98 లాగే ఉంటుంది కానీ దాని యాక్షన్ పొట్టి, బోల్టూ ఆ మేరకు పొట్టి. ఒకదాని పిన్ ఇంకోదానికి పనికిరాదు. ఫోన్ చేస్తే, “మొన దగ్గర కొంచెం వెల్డింగ్ పెట్టించుకోండి, అయిపోతుంది” అన్నాడు. ప్రైమర్‌ని, అంటే తూటా అడుగున మందుని అంటించే చిన్న మూతని, కొట్టే మొన అండీ అది! కాస్త పొడవెక్కువైతే ప్రైమర్‌కి చిల్లు పడి వేడి గ్యాస్ వెనక్కి మొహం మీదికి వస్తుంది. వాపసు తీసుకోమంటే, ప్యాకెట్ విప్పేశారు కాబట్టి కుదరదన్నాడు. విప్పకుండా కొలవడం ఎలాగో ఆయనే చెప్పాలి.

అంతటితో బుద్ధి రావాలి కదా, రాలేదు. పిన్ వెతికి వెతికి విసుగొచ్చి, ఇంకొకరి దగ్గర ఏకంగా బోల్టే కొన్నాను. (చాలా దేశాల్లో బోల్ట్‌కి కూడా లైసెన్స్ కావాలి. ఆ మాటే ఎత్తనివాళ్ళ దగ్గర అసలు కొనకండి.) ఇది మాత్రం నిజంగా 98దే. లోపలికి నున్నగా జారింది, హ్యాండిల్ కిందికి దిగింది. ఇక రేంజ్‌కి వెళ్ళడమే అనుకున్నాను. మా గన్‌స్మిత్ “ఆగండి” అని గేజ్‌లు (తూటా ఆకారంలో ఉండే కొలత దిమ్మెలు) తీశాడు. గో గేజ్ పెడితే బోల్ట్ మూసుకుంది, మూసుకోవాలి కూడా. తర్వాత దానికంటే కాస్త పొడవైన నో-గో గేజ్ పెట్టాడు. మధ్యలో ఆగిపోవాల్సిన హ్యాండిల్ ఏ బిగువూ లేకుండా అడుగుదాకా దిగిపోయింది. ఆయన ఏమీ అనకుండా నా మొహం చూశాడు.

బోల్ట్ ముఖానికీ, చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) తూటా ఆనే చోటుకీ మధ్య దూరమే హెడ్‌స్పేస్. అది బోల్ట్, రిసీవర్ (బోల్ట్ జారే లోహపు చట్రం), బ్యారెల్ మూడూ కలిస్తే తేలే కొలత. ఒక రైఫిల్‌లో బాగా పనిచేసిన బోల్ట్ ఇంకోదాంట్లో ప్రమాదం కావచ్చు. దూరం ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి కేసు సాగి అడుగు దగ్గర తెగుతుంది. చేతికి తెలిసే తేడా కాదిది, గేజ్‌కే తెలుస్తుంది. బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4కి ఈ తేడా సర్దడానికే బోల్ట్ హెడ్‌లు (బోల్ట్ ముందు చివర మార్చగలిగే ముక్కలు) 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల్లో చేశారు. మౌజర్‌కి ఆ సదుపాయం లేదు. పాత సైనిక రైఫిళ్ళలో బోల్ట్ మీదా రిసీవర్ మీదా ఒకే నంబరు కొట్టింది ఊరికే కాదు.

మౌజర్‌తోనే అయిపోలేదు. వించెస్టర్ మోడల్ 70 ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. 1964కి ముందుదానికి పొడుగాటి క్లా ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన కేసుని పట్టి బయటికి లాగే కొక్కెం) ఉంటుంది. 1964లో బోల్ట్ డిజైనే మార్చేశారు. పేరు మాత్రం అదే, కాబట్టి పేరు చూసి భాగాలు కొనకండి.

అమ్మేవాళ్ళని కాలిపర్ (కొలిచే పరికరం) పెట్టి తీసిన ఫోటో అడగండి. మీ రిసీవర్ మీది గుర్తుల ఫోటో ముందే పంపి, దానికే సరిపోతుందని, సరిపోకపోతే వాపసు తీసుకుంటామని రాసి ఇమ్మనండి. నసిగితే వదిలేయండి. బోల్ట్ మారిస్తే గేజ్ పెట్టించకుండా ఒక్క రౌండ్ కూడా కాల్చొద్దు.

బోల్ట్ అమ్మినాయన గేజ్ సంగతి విని సగం డబ్బు వెనక్కిచ్చాడు, పర్లేదు. మొదటాయన మాత్రం ఇప్పటికీ అదే ఫోటో, అదే ‘98 రకాలన్నిటికీ’ అన్న మాటతో పిన్నులు అమ్ముతూనే ఉన్నాడు.