గుంట మగ్గం గదిలో లైకా క్యూ2: ఐదేళ్ళు వాడాక

పోయిన నెల పోచంపల్లిలో పెద్దనాయిన మగ్గం పక్కన కూర్చుని గంటసేపు ఫోటోలు తీశాను. లేవబోతుంటే ఆయన తల తిప్పి "ఏంది బిడ్డా, తియ్యవా మరి ఫోటో?" అన్నాడు. అప్పటికే నూట పది తీసి ఉన్నా. మగ్గం నడుస్తుంటే దాని చప్పుడు ఉంటుంది, నిజమే, కానీ పోగు తెగి మగ్గం ఆపి, పోగు అతుకుతూ కూర్చున్నప్పుడు కూడా తీశాను, నా మోకాలికీ ఆయన మోచేతికీ మధ్య జానెడు దూరం కూడా లేదు, అయినా ఆయనకి కెమెరా చప్పుడు వినబడలేదు.

కెమెరా లైకా క్యూ2. 2019 మార్చిలో వచ్చిన మోడల్, నేను 2021 మొదట్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, బాక్సు, చార్జర్, ఒక్క బ్యాటరీతో మూడు లక్షలకి కొంచెం తక్కువ పడింది. మా ఇంట్లో అది చిన్న డబ్బు కాదు, అప్పటిదాకా వాడిన లెన్సులు మార్చే పెద్ద కెమెరా (డీఎస్‌ఎల్‌ఆర్), మూడు లెన్సులు, ఫ్లాషు, బ్యాగుతో సహా అన్నీ అమ్మేసి పైన ఇంకా వేసుకున్నా. ఇది ఫుల్ ఫ్రేమ్, అంటే సెన్సర్ (వెలుతురుని పట్టే చిప్పు) 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు, పాత ఫిల్మ్ ఫ్రేమ్ ఎంతో అంత, 47.3 మెగాపిక్సెల్. లెన్సు 28 ఎంఎం (ఈ అంకె ఎంత తగ్గితే అంత వెడల్పుగా చూస్తుంది), ఎఫ్/1.7 (ఈ అంకె ఎంత తగ్గితే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుని వెలుతురు రానిస్తుంది), బాడీకి బిగించేసి ఉంటుంది, ఊడదు, జూమ్ లేదు. బ్యాటరీతో కలిపి 718 గ్రాములు.

లెన్సు ఊడని ఫుల్ ఫ్రేమ్ అనేది ఏదో కొత్త ఫ్యాషన్ అనుకుంటారు చాలామంది. డిజిటల్‌లో 2012లో సోనీ ఆర్‌ఎక్స్1 తో ఈ దారి మొదలైంది, 35 ఎంఎం జైస్ లెన్సుతో. కానీ 1925లో లైకా అమ్మకానికి తెచ్చిన మొట్టమొదటి కెమెరా కూడా ఇదే పద్ధతి, 50 ఎంఎం లెన్సు ఒక్కటే, అదీ ఊడదు, లెన్సులు మార్చుకునే మోడల్ 1930లో వచ్చింది. అంటే లైకా కెమెరా పుట్టిందే ఈ రూపంలో.

మగ్గం గది గురించి చెప్పకపోతే 28 ఎంఎం ఎందుకో అర్థం కాదు. గుంట మగ్గం అంటే నేలలో గుంట తవ్వి ఉంటుంది, నేసేవాళ్ళు గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి కింద తొక్కుడు కర్రలు తొక్కుతారు, మగ్గం మొత్తం నేలకి కొంచెం ఎత్తులోనే ఉంటుంది. మా వాళ్ళ గదిలో మగ్గం పోను మిగిలేది గోడకీ దానికీ మధ్య ఒక మనిషి ఒత్తిగిలి కూర్చునేంత చోటు. అందులోనే పోగు చుట్టిన కండెల బుట్ట, మంచినీళ్ళ చెంబు. పాత కెమెరాకి 50 ఎంఎం వేస్తే పెద్దనాయిన మొహం వచ్చేది, చేతులు రావు, చేతులు వస్తే చీర రాదు. 24-70 జూమ్ తగిలిస్తే ఫ్రేమ్‌లోకి అన్నీ వచ్చేవి, కానీ ఆ బరువైన దాన్ని బ్యాగులోంచి తియ్యగానే పెద్దమ్మ కొంగు సర్దుకుని, బొట్టు చూసుకుని, నిటారుగా కూర్చునేది, ఇక అక్కడితో ఆ పూట అయిపోయినట్టే. క్యూ2 మెడలో ఉంటే ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు. 28 తో ఆ మూల నుంచి మనిషి, చేతులు, పరిచి ఉన్న పడుగు (నిలువు పోగులు), కిటికీ, గోడకి దేవుడి క్యాలెండరు అన్నీ వస్తాయి.

చప్పుడు లేకపోవడానికి కారణం లీఫ్ షట్టర్. మామూలు ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో సెన్సర్ ముందు రెండు తెరలు పైనుంచి కిందికి పరిగెడతాయి, టపీమని వినిపించేది ఆ తెరలే. దీంట్లో షట్టర్ లెన్సు లోపలే ఉంటుంది, చిన్న రేకులు తెరుచుకుని మూసుకుంటాయి, చెవి పక్కనే ఉన్న నాకే సన్నగా టిక్ మంటుంది. దాని ఇంకో లాభం మగ్గం దగ్గరే తెలిసింది. ఫ్రేమ్ మొత్తం ఒకేసారి ఎక్స్‌పోజ్ అవుతుంది కాబట్టి అడ్డపోగుని మోసుకుంటూ అటూ ఇటూ దూకే నాడె వంకరపోయి రాదు. ఒకసారి పొరపాటున ఎలక్ట్రానిక్ షట్టర్‌లో (రేకులు కాకుండా సెన్సరే ఫ్రేమ్‌ని వరస వరసగా చదివే పద్ధతి) పెట్టి తీస్తే నాడె ఏటవాలుగా సాగిపోయి, ఎల్‌ఈడీ ట్యూబ్ వెలుతురు ఫోటో అంతా చారలు చారలుగా వచ్చింది, అప్పటినుంచి ఇంట్లోపల మెకానికల్ (రేకుల షట్టర్) తప్ప వేరేది వాడను. ఎండలో మాత్రం ఎలక్ట్రానిక్ కావాల్సిందే, ఎందుకంటే లీఫ్ షట్టర్ సెకనులో రెండు వేలో వంతు, అంటే 1/2000 దాటి వేగంగా పోదు, మిట్టమధ్యాహ్నం ఎఫ్/1.7 లో తియ్యాలంటే అది సరిపోదు, ఎలక్ట్రానిక్ అయితే 1/40000 దాకా వెళ్తుంది. హైబ్రిడ్ అని ఒక సెట్టింగు ఉంది, అవసరమైనప్పుడు అదే మారుతుంది, బయటికి వెళ్తే అందులో పెట్టేస్తా.

నాకు బాగా ఇష్టమైన ఫోటో ఒకటి 1/30 లో తీసింది. పెద్దనాయిన కుడిచెయ్యి తాడు లాగుతోంది, నాడె అటు నుంచి ఇటు తెల్లటి గీతలా పోతోంది, ఆయన మొహం మాత్రం కదలకుండా, కనుబొమ్మల మీది చెమట బొట్టుతో సహా స్పష్టంగా ఉంది. లెన్సులోనే చెయ్యి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఉంది కాబట్టి ఊపిరి బిగబట్టి గోడకి ఆనుకుంటే 1/8 లో కూడా నాకు పదిలో ఆరేడు నిలబడతాయి. గదిలో ఉండేది ఒక కిటికీ, ఒక ట్యూబ్ లైటు, అక్కడ ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే కొలత, తక్కువ వెలుతురులో పెంచుతాం) 3200 మామూలే, 6400 వరకు నేను ప్రింట్లు కూడా వేయించాను. 12500 కి పోయి, నీడల్ని లైట్‌రూమ్‌లో (ఫోటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్) పైకి లాగితే మాత్రం గరుకు బాగా తెలుస్తుంది, నల్లటి చోట్ల గీతలూ కనబడతాయి, కాబట్టి చీకట్లో తీసేటప్పుడే సరిగ్గా ఎక్స్‌పోజ్ చేయడం మేలు.

ఇంక మాక్రో రింగు, అంటే బాగా దగ్గరి ఫోటోల కోసం. లెన్సు వెనకాల ఒక రింగు ఉంటుంది, దాన్ని మాక్రో వైపు తిప్పితే లెన్సు మీదున్న దూరాల అంకెలు మొత్తం జరిగిపోయి వాటి స్థానంలో వేరే అంకెలు వస్తాయి, ఐదేళ్ళయినా అది తిప్పడం అంటే నాకు సంబరమే. అప్పుడు 17 సెం.మీ. దాకా దగ్గరికి వెళ్ళొచ్చు, కాకపోతే ఎఫ్/2.8 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఆ 17 కొలిచేది సెన్సర్ నుంచి, అంటే లెన్సు మూతి బట్టకి బాగా దగ్గరగా వస్తుంది, కెమెరా నీడే పడుతుంది, కిటికీ వైపు నుంచి ఒరగాలి. దీన్ని అసలైన మాక్రో లెన్సుతో పోల్చకండి, దోమ కన్ను రాదు. కానీ ఇక్కత్ బట్టకి ఇది చాలు. ఇక్కత్‌లో నేసే ముందే పోగుల్ని కట్టలు కట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా చుట్టి, రంగులో ముంచుతారు, అందుకే నేశాక డిజైన్ అంచు కత్తిరించినట్టు ఉండదు, కొద్దిగా ఈకలా చెదిరి ఉంటుంది. ప్రింటు వేసిన నకిలీ బట్టలో ఆ చెదురు ఉండదు, లేదా అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది. దగ్గరగా తీసిన ఫోటోని వంద శాతం జూమ్ చేసి చూస్తే ఒక్కో పోగు ఎక్కడ రంగు మారిందో లెక్కపెట్టొచ్చు. చీరలు కొనే మా ఫ్రెండ్స్‌కి నేను పంపేది ఈ ఫోటోలే. ఒక్క జాగ్రత్త, ఎర్ర చీరలు తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించండి, లేదంటే ఎరుపు ముద్దగా అయిపోయి నేత కనపడదు.

పాత ఆసుని, అంటే నేతకి ముందు పోగుని చుట్టే చట్రాన్ని కూడా ఫోటో తీశాను. ఇప్పుడది అటక మీద ఉంది. అర్ధచంద్రాకారంలో మేకులు, ఎదురుగా ఇంకో మేకు, పోగుని ఆ చివర్నుంచి ఈ చివరికి చేత్తో తిప్పుతూనే ఉండాలి, పెద్దమ్మ కుడి భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. 1999లో ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాక ఆడవాళ్ళకి ఆ చాకిరీ తప్పింది, ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసుని కిందికి దించి, పెద్దమ్మని ఒక్కసారి చూపించమని అడిగితే కూర్చుని ఠక్కున మొదలుపెట్టింది, చెయ్యి అదంతటదే తిరుగుతోంది. చెయ్యి చాపిన వంపు మొత్తం, మొహం, ఆసు ఒకే ఫ్రేమ్‌లో వచ్చాయి, అదీ నేను గుమ్మంలో కూర్చుని తీస్తే. వేరే లెన్సయితే నేను వీధిలో ఉండాలి.

ఇప్పుడు 28 తో ఇబ్బందులు. పెళ్ళిలో గ్రూపు ఫోటో తీస్తే చివర్లో నిలబడ్డవాళ్ళ తలలు పక్కకి సాగుతాయి, మా బాబాయి ఒక ఫోటోలో గుర్తుపట్టలేనట్టు వచ్చాడు. రెండడుగులు వెనక్కి జరిగి, అంచుల్లో కొంత ఖాళీ వదిలి, తర్వాత కట్ చేసుకోవాలి. ఒక్కరి మొహమే కావాలని బాగా దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదవుతుంది. దీనికోసం వెనక ఒక బటన్ ఉంది, నొక్కితే వ్యూఫైండర్‌లో 35, 50, 75 ఎంఎం గీతలు వస్తాయి, అది క్రాప్ మాత్రమే, 35 లో 30 మెగాపిక్సెల్, 50 లో దాదాపు 15, 75 లో ఆరున్నర మిగులుతాయి. జేపెగ్ (మామూలు ఫోటో ఫైలు) కట్ అయి వస్తుంది, డీఎన్‌జీలో (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) ఫ్రేమ్ మొత్తం ఉంటుంది కాబట్టి తర్వాత మనసు మార్చుకోవచ్చు. 35 నేను రోజూ వాడతా, 50 అప్పుడప్పుడు, 75 ఎప్పుడూ వాడలేదు. పిల్లల స్కూల్ డ్యాన్సు, క్రికెట్టు, పక్షులు తీసేవాళ్ళు దీని జోలికి రాకండి.

చేతిలో వాడకం గురించి. అపెర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలో పెట్టే ఎఫ్ అంకె) రింగు లెన్సు మీదే, షట్టర్ డయల్ పైన, రెండూ ఏ దగ్గర పెట్టి ఉన్నాయో కెమెరా ఆన్ చెయ్యకుండానే కనపడుతుంది. ఫోకస్ రింగుకి వేలు పెట్టుకునే చిన్న కొక్కెం ఉంది, దాన్ని నొక్కి తిప్పితే ఆటోఫోకస్ నుంచి బయటికి వచ్చి మాన్యువల్ అవుతుంది. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో పొద్దున్నే తిరిగేటప్పుడు ఎఫ్/8 లో పెట్టి దూరం రెండు మీటర్లకి తిప్పేస్తా, మీటరుంపావు నుంచి ఐదు మీటర్ల దాకా అంతా ఫోకస్‌లోనే ఉంటుంది, ఇంక ఫోకస్ గురించి ఆలోచించే పనే లేదు. ఆటోఫోకస్ వెలుతురులో వేగమే, కానీ పరిగెత్తే పిల్లల విషయంలో ఇప్పటి కొత్త కెమెరాలంత పట్టు లేదు.

దుమ్ము, వాన విషయంలో ఐపీ52 అని రేటింగ్ ఉంది. 5 అంటే దుమ్ముకి, 2 అంటే కొద్దిగా వంచి పట్టుకున్నా పైనుంచి పడే నీటి చుక్కలకి తట్టుకుంటుందని, అంతే, కుంభవృష్టిలో తడిపేసుకోమని కాదు. జూలై తుంపర్లలో చాలాసార్లు తిరిగాను, ఏమీ కాలేదు. మగ్గం గదిలో పట్టు నూగు గాల్లో ఎగురుతూ ఉంటుంది, అది లెన్సు ముందు గాజు మీద అంటుకుంటుంది, బ్లోయర్‌తో ఊదేస్తే పోతుంది, బట్టతో రుద్దకూడదు. దానికోసమని మొదటి ఏడాది ఒక షాపులో చవక ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే గాజు) కొని బిగించాను, 49 ఎంఎం వ్యాసం, మర సరిగ్గా లేక ఇరుక్కుపోయింది, రెండు రోజులు ఎంత తిప్పినా రాలేదు, చివరికి చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేసి పట్టు దొరికాక మెల్లగా ఊడింది. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. లెన్సు ఊడని కెమెరాలో లెన్సు మర పాడైతే మొత్తం కెమెరాని సర్వీసుకి పంపాలి, కాబట్టి ఫిల్టర్ కొంటే మంచిదే కొనండి.

బ్యాటరీ ఒక రోజు తీరుబడిగా తీస్తే సరిపోతుంది, పెళ్ళికి మాత్రం రెండోది ఉండాల్సిందే, దాని ధర వింటే గుండె ఝల్లుమంటుంది. కెమెరాకి యూఎస్‌బీ పోర్టే లేదు కాబట్టి పవర్ బ్యాంకుతో చార్జింగ్ కుదరదు, ప్రయాణంలో చార్జర్ మర్చిపోతే అంతే సంగతులు. స్క్రీన్ పైకి లేవదు, నేల మట్టంలో తియ్యాలంటే నేలమీద పడుకోవాలి, గుంట మగ్గం దగ్గర ఇది నాకు నిజంగా ఇబ్బంది. ఒక్కో డీఎన్‌జీ 80 ఎంబీ పైనే, పాత ల్యాప్‌టాప్ అయితే ఓపిక పట్టాలి.

2023లో వచ్చిన క్యూ3 లో స్క్రీన్ లేస్తుంది, యూఎస్‌బీ-సీ ఉంది, 60 మెగాపిక్సెల్. 2024లో 43 ఎంఎం లెన్సుతో ఇంకో మోడల్ వచ్చింది. స్క్రీన్ కోసం మనసు లాగింది, రెండు వారాలు లెక్కలు వేసుకుని ఊరుకున్నా, ఆ తేడా డబ్బుతో ఫోటోల్ని పెద్ద సైజులో ప్రింటు వేయించి పెద్దనాయిన వాళ్ళ వరండాలో పెట్టించాను. 43 మాత్రం మా మగ్గం గదికి పనికిరాదు.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్ళు ఒక పని తప్పకుండా చెయ్యండి. ఎఫ్/16 లో పెట్టి తెల్ల గోడని, ఫోకస్ తప్పించి, ఒక ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లో పెద్దగా చూడండి. మామూలు కెమెరా అయితే లెన్సు తీసి సెన్సర్ తుడుచుకుంటాం, దీంట్లో ఆ వీలు లేదు, లోపల మచ్చ ఉంటే సర్వీసే గతి. మాక్రో రింగు అటూ ఇటూ పదిసార్లు తిప్పి చూడండి, బ్యాటరీ మీట తిప్పితే బ్యాటరీ కొంచెం కిందికి దిగి ఆగాలి, దాన్ని మళ్ళీ కొద్దిగా పైకి నొక్కితేనే చేతిలోకి రావాలి, అలా ఆగకుండా ఒకేసారి జారి పడిపోతుంటే లాక్ అరిగిందని అర్థం. గోడ ఫోటోలో మచ్చ కనబడితే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.