ఎనిమిదేళ్లుగా వాడుతున్న ఆప్టిమ్ గురించి

నెలవారీ వర్షపాతపు లెక్కలకు గామా విభాజనాన్ని (ధన విలువలు ఎలా పరచుకున్నాయో చెప్పే సంభావ్యతా వక్రరేఖను) సరిపెట్టే పనిలో ఎనిమిదేళ్లుగా గణాంక లెక్కల సాఫ్ట్‌వేర్ ఆర్‌లోని ఆప్టిమ్‌ను, అంటే ఒక ప్రమేయపు కనిష్ఠ లేదా గరిష్ఠ విలువను వెతికే ఫంక్షన్‌ను, వాడుతున్నాను. ఆ విభాజనంలోని రెండు పరామితులూ (ఆకృతి, స్కేల్) ధనాత్మకంగానే ఉండాలి కనుక, లాగ్-లైక్లీహుడ్ (ఆ పరామితులు డేటాకు ఎంత బాగా సరిపోతాయో చెప్పే కొలత) గరిష్ఠ విలువను హద్దుల లోపలే వెతకాలి. అందుకు ఆప్టిమ్‌లో ఉన్న పద్ధతి ఎల్-బీఎఫ్‌జీఎస్-బీ. 1995లో బర్డ్, లూ, నొసెడాల్, ఝూ ప్రచురించిన ఈ పద్ధతిలో ఒక్కో చలరాశికి కింది హద్దునూ పై హద్దునూ విడివిడిగా ఇవ్వవచ్చు. హద్దులు ఇచ్చి పద్ధతి పేరు చెప్పడం మరచినా, ఒక హెచ్చరిక చూపి ఆప్టిమ్ తానే దీనికి మారుతుంది.

అయితే ఆప్టిమ్ స్వతహాగా వెతికేది కనిష్ఠాన్ని. గరిష్ఠం కావాలంటే కంట్రోల్ జాబితాలో ఎఫ్ఎన్‌స్కేల్‌ను, అంటే ప్రమేయపు విలువను భాగించే సంఖ్యను, -1గా పెట్టాలి. మొదటి ఏడాది ఆ ఒక్కటి మరచిపోయి, జవాబులన్నీ హద్దుల మీదకే వచ్చి ఆగుతుంటే, తప్పు డేటాలో ఉందనుకుని రెండు రోజుల పాటు వర్షమాపక పట్టికలు తిరగేశాను. కింది హద్దును సరిగ్గా సున్నాగా ఇవ్వడమూ అలాంటి పొరపాటే, ఎందుకంటే అక్కడ లాగ్ విలువ అనంతమైపోతుంది, పరిమిత విలువలు లేనిదే ఈ పద్ధతి ముందుకు సాగదు. నేను 0.001 ఇస్తాను.

పరామితుల పరిమాణాల్లో తేడా ఉన్నప్పుడు ఇబ్బంది ఇంకొంచెం లోతుగా ఉంటుంది. నా లెక్కల్లో ఆకృతి పరామితి 2 దగ్గర, స్కేల్ పరామితి 80 దగ్గర ఉంటాయి. అవకలజాల సూత్రం మనం ఇవ్వకపోతే ఆప్టిమ్ రెండింటికీ ఒకే 0.001 అడుగుతో వాటిని అంచనా వేస్తుంది కాబట్టి, ఒక్కో పరామితి పరిమాణాన్ని తెలిపే పార్‌స్కేల్‌లో 1, 100 అని ఇవ్వడం అలవాటు చేసుకున్నాను.

నా అసలు ఫిర్యాదు మాత్రం, వెతుకులాట ఎలా ముగిసిందో ఆప్టిమ్ చెప్పే కన్వర్జెన్స్ సంకేతం మీద. 1 వస్తే పునరావృత్తుల పరిమితి, అంటే మామూలుగా 100, దాటిపోయిందని అర్థం. 0 వస్తే పని ముగిసిందని అర్థమే కానీ, దొరికినది అన్నిటికంటే పెద్ద విలువ అని కాదు. దీన్ని విద్యార్థులకు చూపడానికి x సైన్ x, y సైన్ y ల మొత్తాన్ని 0 నుంచి 10 వరకు ఉన్న చతురస్రంలో గరిష్ఠం చేయమంటాను. (1, 1) దగ్గర మొదలుపెడితే ఆప్టిమ్ సుమారు (2.03, 2.03) దగ్గర 3.64 అని చెప్పి, సంకేతంగా 0 చూపి, నిశ్చింతగా ఆగిపోతుంది. నిజమైన గరిష్ఠం (7.98, 7.98) దగ్గర ఉంది, దాని విలువ 15.83. అందుకే ఎక్స్‌పాండ్ గ్రిడ్‌తో హద్దుల మధ్య వలలా బిందువులు పరచి, ఒక్కో బిందువు నుంచి ఆప్టిమ్‌ను నడిపి, వచ్చిన విలువలను అవరోహణ క్రమంలో పేర్చి చూస్తాను. చలరాశులు ఆరేడు దాటితే ఈ వల మోయలేనంత పెద్దదవుతుంది, అప్పుడు యాదృచ్ఛికంగా ఎంచిన ప్రారంభ బిందువులతోనే సరిపెట్టుకుంటాను.

అనుమానం వచ్చిన చోట ఆర్‌లోనే ఉన్న మరో ఫంక్షన్ ఎన్‌ఎల్‌మిన్‌బీతో సరిచూస్తాను. అది కూడా హద్దులను ఒప్పుకుంటుంది కానీ, దానికి ఎఫ్ఎన్‌స్కేల్ లేదు, గరిష్ఠం కావాలంటే ప్రమేయపు ధన, ఋణ గుర్తును చేత్తో మార్చి ఇవ్వాలి.