పసుపు కండువా వేలాడే చాయ్ హోటల్

గచ్చిబౌలి బాలయోగి స్టేడియం నుంచి తీరిగ్గా నడిచినా పది నిమిషాల్లో చేరుకోగల ఒక చాయ్ హోటల్ గురించి రాస్తున్నాను. శని, ఆదివారాల్లో ఇప్పటికే కుర్చీలు చాలడం లేదనీ, పేరు రాసి కొత్త తలనొప్పి తెచ్చిపెట్టవద్దనీ యజమాని కోరినందున పేరు చెప్పడం లేదు. క్యాష్ కౌంటర్ వెనుక గోడకు మేకు కొట్టి వేలాడదీసిన పసుపు కండువాను బట్టి ఎవరైనా గుర్తుపట్టవచ్చు. కొత్తగా వచ్చినవారు దాన్ని చూసి యజమాని తెలుగుదేశం అభిమాని కాబోలనుకుంటారు. నిజానికి అది హైదరాబాద్ ఎఫ్‌సీ కండువా. 2019లో పుట్టిన ఆ ఫుట్‌బాల్ క్లబ్బు 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. దాని అభిమానుల్లో ఇరవై మంది దాకా ఇప్పటికీ వారాంతాల్లో ఆ కండువా కిందే చేరుతున్నారు. వారిలో నేనూ ఒకణ్ణి కనుక ఈ సమీక్షలో కొంత పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను.

హోటల్ కనుక ముందు తిండి సంగతి చెప్పాలి. ఇక్కడి పౌనా చాయ్‌కు వంక పెట్టలేము. డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా కాగుతుంటాయి. గ్లాసులో కలిపేటప్పుడు పాల వంతు ఎక్కువ వేసి, పైన మీగడ తరక తేలేలా ఇస్తారు. ధర 25 రూపాయలు. సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో వచ్చే ఉస్మానియా బిస్కట్లు వేడిగా, ఉప్పు తీపి సమంగా ఉంటాయి కానీ, మర్నాటికి మిగిలినవాటిని అదే సీసాలో కింద సర్దడం వల్ల తొందరపడి వచ్చినవారికి మెత్తబడినవి దక్కుతాయి. సమోసా లాంటి నలుపలకల కీమా లుఖ్మీ బాగుంటుంది, అయితే మ్యాచ్ ఉన్న రోజున మొదటి సగం ముగిసేసరికి ఒక్కటీ మిగలదు. ఎగ్ ఫ్రైడ్ రైస్ జోలికి మాత్రం వెళ్లవద్దు. సోయా సాసు తప్ప మరో రుచి తెలియదు. ఆకలితో వెళ్లేవారు బ్రెడ్ ఆమ్లెట్ చెప్పి, పచ్చిమిర్చి తగ్గించమనడం మేలు.

అయితే జనం ఇక్కడికి తినడానికి రారు, చూడడానికి వస్తారు. లోపలి గదిలో ఒక పెద్ద టీవీ ఉంది. దానికి డిష్ కనెక్షన్ లేదు, ఇంటర్నెట్ మీద నడుస్తుంది కనుక మైదానంలో జరిగినది తెరమీదికి వచ్చేసరికి ఇంట్లో డిష్ మీద చూసేవారికంటే అర నిమిషం దాకా వెనుకబడుతుంది. క్రికెట్‌లో ఈ ఆలస్యాన్ని ఎలాగోలా భరించవచ్చు, ఫుట్‌బాల్‌లో ప్రాణం తీస్తుంది. అందుకని మ్యాచ్ మొదలవగానే ఫోన్లన్నీ బల్లమీద బోర్లించి పెట్టాలని ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాము. ఆ నియమం వల్ల జరిగిందేమిటంటే, ఇళ్లలో కూర్చుని చూస్తున్న మిత్రులు గోల్ పడగానే పంపే సందేశాలకు ఆ ఫోన్లన్నీ ఒక్కసారిగా గుర్రుమంటాయి, సన్మైకా బల్లమీద ఖాళీ గ్లాసులు సన్నగా గలగలమంటాయి, తెరమీద మాత్రం గోల్‌కీపర్ ఇంకా తాపీగా బంతిని దొర్లిస్తుంటాడు. గోల్ పడబోతోందని అందరికీ తెలుసు, ఎవరు వేస్తారో తెలియదు. ఆ కొద్ది సెకన్లు గదిలో ఉండే నిశ్శబ్దాన్ని నేను మరే హోటల్లోనూ చూడలేదు. డిష్ పెట్టించమని మూడేళ్లుగా అడుగుతున్నాము. యజమాని నవ్వి, "పెట్టిస్తే మీకు చెప్పుకోడానికి ఏం ఉంటది భాయ్?" అంటారు.

ఈ హోటల్‌కూ క్లబ్బుకూ ఇంత ముడి ఎందుకు పడిందో తెలియాలంటే 2022 మార్చి 20 నాటి సాయంత్రం గురించి చెప్పక తప్పదు. కోవిడ్ కారణంగా వరుసగా రెండు సీజన్లపాటు దేశంలోని అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ ఇండియన్ సూపర్ లీగ్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. అందుచేత హైదరాబాద్ జట్టు సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ ఏడాది ఫైనల్‌కు చేరింది. మాకు స్టేడియం అయినా, గ్యాలరీ అయినా ఈ లోపలి గదే అయింది. ఫైనల్లో ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. చుట్టుపక్కల ఐటీ కంపెనీల్లో పనిచేసే మలయాళీ మిత్రులు కూడా తమ జెర్సీలు వేసుకుని అదే గదికి వచ్చారు. వారి రంగూ పసుపే, మా రంగూ పసుపే. ఎవరు ఎటువైపో అరుపులు విని తేల్చుకోవలసి వచ్చింది. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ వేసినప్పుడు గదిలో సగానికి పైగా లేచి నిలబడడంతో, సొంత ఊళ్లోనే మేము తక్కువ మందిమని అప్పుడు అర్థమైంది. 88వ నిమిషంలో మా సాహిల్ తవోరా ఆ గోల్‌ను సమం చేశాడు. చివరికి పెనాల్టీల్లో మా కీపర్ కట్టిమణి మూడింటిని ఆపడంతో 3-1 తేడాతో కప్పు మనదైంది. ఆ రాత్రి యజమాని అందరికీ ఉచితంగా చాయ్ ఇచ్చారు, మలయాళీలకు ముందుగా ఇచ్చారు. వారిలో ఒకరు తన గ్లాసు ఖాళీ చేసి, మౌనంగా అందరితో కరచాలనం చేసి వెళ్లారు. ఆయన ఇప్పటికీ వస్తుంటారు. కండువా గోడకెక్కింది మర్నాడే.

ఆ తరువాతి కథ తెలిసిందే. మరుసటి సీజన్లో లీగ్ పట్టికలో రెండో స్థానం, ఆపై సీజన్లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగు స్థానం. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, జీతాల బకాయిలు వార్తలకెక్కాయి, మిగిలిన కుర్రాళ్లతోనే జట్టు సీజన్ ఈదుకొచ్చింది. చిత్రమేమిటంటే, కప్పు గెలిచిన రోజుల కంటే ఆ ఓడిపోయే రోజుల్లోనే ఈ గదిలో హాజరు నిలకడగా ఉండేది.

ఇప్పుడు క్లబ్బు ఊళ్లో లేదు, మాటలు మాత్రం తగ్గలేదు. ఢిల్లీ జట్టును మనదనుకోవాలా వద్దా అన్న వాదన ఇంకా తెగలేదు. కొందరు ఆటగాళ్ల మీది మమకారంతో చూస్తారు, కొందరు ఆ మ్యాచ్ పెడితే లేచి బయటి బెంచీ మీద కూర్చుంటారు. ఇద్దరు ముగ్గురు అజీజ్‌నగర్ వెళ్లి శ్రీనిధి డెక్కన్ అనే మరో స్థానిక క్లబ్బు మ్యాచ్‌లు చూసి వస్తున్నారు. మిగతా వారు ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌తో సరిపెట్టుకుంటున్నారు. బంతి బయటికి పోయిన ప్రతిసారీ ఆట పక్కకు పోయి సంసారం లోపలికి వస్తుంది: ఒకరి అపార్ట్‌మెంట్‌లో వారానికెన్ని వాటర్ ట్యాంకర్లు వస్తున్నాయో, నర్సరీ అడ్మిషన్‌కు ఎంత అడుగుతున్నారో, పీజీ యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే ఏం చేయాలో ఇక్కడే తేలుతుంది. నా ప్రస్తుత అద్దె ఇల్లు కూడా ఒక గోల్‌లెస్ డ్రా రెండో సగంలో కుదిరినదే.

మూల బల్ల దగ్గర కూర్చునే ఒక పెద్దాయనను అందరం చాచా అంటాము. ఆయన చిన్నప్పుడు తండ్రి చేయి పట్టుకుని ఫుట్‌బాల్ చూడడానికి ఫతే మైదాన్‌కు (ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం) వెళ్లినవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు నాటి ప్రముఖ ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచిందనీ, ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరి, 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిందనీ ఆయన చెబుతుంటే, మా ఆరేళ్ల క్లబ్బు కష్టాలు కాస్త చిన్నవిగా కనిపిస్తాయి. ఆ భారత జట్టులో ఆడిన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం పేరు ఎత్తితే ఆయన పౌనా చల్లారిపోవలసిందే. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, చాచా కథలు సరిగ్గా కార్నర్ కిక్ సమయానికే మొదలవుతాయి.

లోపాలు లేకపోలేదు. లోపలి గదిలో రెండే ఫ్యాన్లు, అందులో ఒకటి తిరుగుతున్నదీ లేనిదీ తలెత్తి చూస్తే తప్ప తెలియదు. ఇటీవల మ్యాచ్ రోజుల్లో మనిషికి కనీసం 150 రూపాయల బిల్లు ఉండాలని కాగితం అంటించారు. రెండు గంటలు కుర్చీ ఆక్రమించేవారి నుంచి అది అడగడం న్యాయమే కానీ, ముందుగా చెప్పకుండా బిల్లు వచ్చాక చెప్పడం న్యాయం కాదు. గత నెలలో నేను తినని రెండు ఆమ్లెట్లు నా లెక్కలో పడ్డాయి. అడిగితే వెంటనే తీసేశారు, కానీ అడగవలసి వచ్చింది. ఆడవాళ్లు కూర్చోవడానికి అనువుగా ఉంటుందా అని మా బృందంలోని ఒక సోదరిని అడిగితే, మనుషులతో ఇబ్బంది లేదనీ, బాత్రూమ్ తలుపుకు గొళ్లెం బిగించేదాకా తాను మాత్రం మొదటి సగం చూసి వెళ్లిపోతాననీ చెప్పారు. ఈ సమీక్షలో యజమాని చదవవలసిన వాక్యం అదొక్కటే.

వెళ్లదలచినవారికి వేళలు ముఖ్యం. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ మనకు వేసవి కాలమానంలో రాత్రి ఏడున్నరకూ, చలికాలంలో ఎనిమిదిన్నరకూ వస్తుంది; ఈ రెండూ ఇక్కడ హాయిగా చూడవచ్చు. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక మొదలవుతాయి కనుక వాటికి ఇది పనికిరాదు, పన్నెండు కాగానే షట్టర్ సగం దించుతారు. ఆలస్యమైతే మెట్రో కూడా ఉండదు, ఆటోవాళ్లు మీ జట్టు ఓడిందని కిరాయి తగ్గించరు. బండిని హోటల్ ముందు కాకుండా పక్క సందులో పెట్టండి. మ్యాచ్‌కు నలభై నిమిషాల ముందు వెళితే కండువా కింద బల్ల దొరుకుతుంది. అక్కడ ఫ్యాన్ గాలి తగలదు కానీ తెర సూటిగా కనిపిస్తుంది. లుఖ్మీ మాత్రం కూర్చోకముందే చెప్పండి.