నూటికి ముప్పై ఆరు పైసలు: ఒక యార్డు గుమస్తా చూసిన ఆన్‌లైన్ సేవింగ్స్ ఖాతా

గుంటూరు మిర్చి యార్డులో ఎవరూ వడ్డీని ఏడాదికి ఇంత శాతం అని చెప్పుకోరు. నెలకి నూటికి రూపాయా, రూపాయిన్నరా, రెండా, అంతే. కమిషన్ కొట్లో పద్దులు రాసేవాణ్ణి కాబట్టి ఈ ఆన్‌లైన్ ఖాతాల రేట్లన్నీ నేను ముందు ఆ లెక్కలోకే దించుకున్నాను. స్టేట్ బ్యాంకు 2025 జూన్‌లో సేవింగ్స్ వడ్డీని 2.5 శాతానికి తగ్గించింది. అంటే నూటికి నెలకి ఇరవై ఒక్క పైసలు కూడా నిండలేదు. ఆ నెలలోనే హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ కూడా అక్కడికే దిగాయి. ఫోన్లో ప్రకటనలు చూస్తే 7 శాతం, 'ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో ఖాతా' అంటున్నాయి. 7 శాతమంటే యాభై ఎనిమిది పైసలు. బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే డబ్బుకి అంత వడ్డీ అంటే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది.

నా అవసరం చిన్నది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మీద టిక్కీలు దిగుతూనే ఉంటాయి, మాకు ఊపిరి తిరగదు. మే నెలలో యార్డుకి ఎండల సెలవులు. అప్పటికి చీటీ పాడుకున్న డబ్బు, సీజన్‌కి కొట్టు వాళ్ళిచ్చేది కలిపి మూడు లక్షలు నా చేతిలో ఉంటాయి. అందులో ఎక్కువ భాగం అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకి వెళ్ళాలి, ఆ ఫీజు ఎప్పుడు కట్టమంటారో కాలేజీ వాళ్ళకే తెలియాలి. రూపాయిన్నరకి తిప్పిపెడతామన్న పెద్దమనుషులు యార్డులోనే ఉన్నారు. వడ్డీ ఠంచనుగానే ఇస్తారు. అసలు అడిగితే 'కోల్డ్ స్టోరేజీలో సరుకు కదలనీయండి' అంటారు.

గుంటూరులో శాఖ ఉన్న ఒక స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో తెరిచాను. పేరు రాయను, రేపు రేటు మారితే నన్ను అడుగుతారు. ప్రకటనలో 7 శాతం, కింద చీమ తలకాయంత అక్షరాల్లో పట్టిక. లక్ష దాకా 3 శాతం, లక్ష నుంచి ఐదు లక్షల దాకా 5, ఐదు లక్షలు దాటిన దానికి 7. కరెంటు బిల్లులో శ్లాబుల్లాంటిదే ఇది, ఏ మెట్టు డబ్బుకి ఆ మెట్టు రేటు. నా మూడు లక్షలకి కట్టి చూస్తే మొదటి లక్షకి 3,000, మిగతా రెండు లక్షలకి 10,000, వెరసి ఏడాదికి 13,000. నూటికి నెలకి ముప్పై ఆరు పైసలు. ఏడు శాతమే అయితే 21,000 రావాలి. స్టేట్ బ్యాంకులో అయితే 7,500. కొన్ని బ్యాంకుల్లో పై మెట్టెక్కగానే మొత్తం నిల్వకి పై రేటు వేస్తారు. ఇది ఏ రకమో పట్టికలో సూటిగా ఉండదు, నియమాల కాగితంలో వెతకాలి. ఖాతా తెరిచే ముందు చూడాల్సింది అన్నిటికంటే అదే.

అసలీ మెట్లు ఎక్కడివంటే, 2011 అక్టోబరులో రిజర్వు బ్యాంకు సేవింగ్స్ వడ్డీని బ్యాంకుల ఇష్టానికి వదిలేసింది. లక్ష లోపు నిల్వకి ఆ బ్యాంకులో అందరికీ ఒకే రేటు ఉండాలి, లక్ష దాటితే వాళ్ళ చిత్తం. అందుకే లక్ష లోపు ఉంచుకునేవాళ్ళకి ఈ ఖాతాల్లో పెద్దగా ఒరిగేది కనిపించదు. వడ్డీ మాత్రం ఏ రోజు నిల్వకి ఆ రోజే కడతారు, 2010 ఏప్రిల్ నుంచీ అంతే. 'పదో తారీఖు లోపు వెయ్యాలిరా' అని మా పెదనాన్న ఇప్పటికీ అంటాడు. ఒకప్పుడు పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కట్టేవాళ్ళు, ఆయన మనసులో అది అలాగే ఉండిపోయింది. నేను తెరిచిన దాంట్లో వడ్డీ నెలనెలా జమవుతుంది, మా పాత బ్యాంకులో మూడు నెలలకోసారి. మొత్తంలో తేడా పైసల్లోనే. అయినా ఒకటో తారీఖున ఫోన్ 'టింగ్' మంటే బాగానే ఉంటుంది, దాచడం ఎందుకు.

పది నిమిషాల మాట నిజమే గాని, అది వీడియో కేవైసీకి, అంటే వీడియో కాల్‌లో మనమెవరో కాగితాలతో సరిచూసుకునే పనికి, బ్యాంకు మనిషి దొరికాక మొదలయ్యే పది నిమిషాలు. తెల్లకాగితం, పెన్ను, ఒరిజినల్ పాన్ కార్డు దగ్గర పెట్టుకోవాలి, ఫోన్లో లొకేషన్ ఆన్ చెయ్యాలి. నా పాన్ కార్డుకి లామినేషన్ చేయించాను, కెమెరా ముందు పెడితే ట్యూబులైటు మెరుపు తప్ప అక్షరం కనబడలేదు. అటు వంచి ఇటు వంచి కిటికీ దగ్గరికి వెళ్తే అప్పుడు ఒప్పుకుంది వీడియోలోని బ్యాంకు అమ్మాయి. తర్వాత పేరు దగ్గర ఆగింది. ఆధార్‌లో నా ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక. 'ఈ ఇద్దరూ మీరేనా సార్?' అని హిందీలో అడిగింది. మన తెలుగువాళ్ళ ఇంటిపేర్ల సంగతి నాకొచ్చిన హిందీలో చెప్పడం వీడియో మొత్తంలో కష్టమైన భాగం. కాగితం మీద సంతకం చేసి చూపించాక అయిపోయింది. మర్నాటికి ఖాతా నంబరు వచ్చింది.

వీడియో దాకా వెళ్ళకుండా ఆధార్ ఓటీపీతో ఆపేస్తే అది సగం ఖాతానే. నిల్వ లక్ష దాటకూడదు, ఏడాదిలో మొత్తం జమ రెండు లక్షలు దాటకూడదు, ఏడాదిలోపు పూర్తి కేవైసీ చెయ్యకపోతే మూసేస్తారు. మా ముఠా మేస్త్రి వాళ్ళబ్బాయి అలా ఓటీపీతో ఒకటి తెరిచాడు. సీజన్లో జమలు ఆ గీత దాటాయి, ఖాతా బిగుసుకుపోయింది. శాఖకి వెళ్తే యాప్‌లో చెయ్యమన్నారు, యాప్‌లో అడిగితే శాఖకి వెళ్ళమంది. అందుకే ఊళ్ళో శాఖ లేని బ్యాంకుని నేను జాబితాలోంచే తీసేశాను, ఎంత ఆన్‌లైన్ అయినా సరే.

మా ఆవిడ అడిగింది ఒక్కటే. 'ఏమండీ, ఇది కూడా అగ్రిగోల్డ్ లాంటిదేనా?' ఈ జిల్లాల్లో ఆ ప్రశ్న రాని ఇల్లుండదు. జనం దగ్గర డిపాజిట్లు పట్టి ముంచిన అగ్రిగోల్డ్ బ్యాంకు కాదు, అక్కడ పెట్టిన డబ్బుకి డిపాజిట్ బీమా లేదు. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు రిజర్వు బ్యాంకు లైసెన్సున్న బ్యాంకు. స్టేట్ బ్యాంకులో డబ్బుకి ఏ బీమా ఉందో ఇక్కడా అదే, ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షలు. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. నా మాటేమిటంటే, ఈ బ్యాంకుల్లో ఐదు లక్షల గీత దాటకండి. తమాషా ఏమిటంటే ప్రకటనలోని 7 శాతం మొదలయ్యేదే ఆ గీత అవతల. రంగురంగుల యాప్‌లు కొన్ని అసలు బ్యాంకులే కావు, వెనక వేరే బ్యాంకు ఉంటుంది, దాని పేరు చూడండి. పేమెంట్స్ బ్యాంకులు వేరే జాతి, వాటిలో రెండు లక్షలకి మించి ఉంచనివ్వరు.

డబ్బు బయటికి తీయడంలో పేచీ లేదు. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి పంపే ఆన్‌లైన్ నెఫ్ట్‌కి రుసుము లేదు, 2019 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది. కాలేజీ ఫీజయితే యూపీఐలో ఐదు లక్షల దాకా కట్టొచ్చు. కొత్త ఖాతాలో కొత్త పేరు చేర్చాక మాత్రం కాసేపు పెద్ద మొత్తం పంపనివ్వదు, ఫీజు ఆఖరి రోజున ఆ పని పెట్టుకోవద్దు. కస్టమర్ కేర్ దండగ. తెలుగు కోసం నంబరు నొక్కితే పాట వస్తుంది, పాట అయ్యాక హిందీ వస్తుంది. నామినీ పేరు యాప్ అడుగుతుంది గాని 'తర్వాత' అనే మీట కూడా పక్కనే పెట్టింది, అది నొక్కకండి.

పన్ను సంగతి. సేవింగ్స్ వడ్డీ మీద టీడీఎస్ (బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను) కోయరు, అలాగని దాగేదీ కాదు, ఆదాయపన్ను వాళ్ళు మన రాబడి వివరాలు పెట్టే ఏఐఎస్ అనే పట్టికలో వచ్చి కూర్చుంటుంది. పాత పద్ధతిలో రిటర్ను వేసేవాళ్ళకి పదివేల దాకా మినహాయింపు ఉంది, అరవై దాటినవాళ్ళకి ఎఫ్‌డీ వడ్డీతో కలిపి యాభై వేల దాకా. కొత్త పద్ధతిలో ఏమీ లేదు.

స్టేట్ బ్యాంకు వదలడం ఇష్టం లేనివాళ్ళకి అక్కడే మల్టీ ఆప్షన్ డిపాజిట్ ఉంది. డబ్బు వేలల్లో డిపాజిట్‌గా మారుతుంది, మీరు తీస్తే కావలసినంతే విరుగుతుంది. ఏడాది పైన కదపని డబ్బయితే ఏ సేవింగ్స్ ఖాతా వద్దు, నేరుగా ఎఫ్‌డీ వెయ్యండి. నాలాగా లక్ష పైన, ఐదు లోపు, నాలుగైదు నెలలు ఆగే డబ్బున్నవాళ్ళకి ఈ ఖాతా పనికొస్తుంది. మూడు లక్షలు నాలుగు నెలలుంటే స్టేట్ బ్యాంకు కంటే నాకు ఎక్కువొచ్చేది పద్దెనిమిది వందల చిల్లర. ఫీజు కట్టేశాక మిగిలేది లక్ష లోపే, అప్పుడు తేడా ఏడాదికి ఐదు వందలు కూడా ఉండదు. దాన్ని మళ్ళీ పాత ఖాతాకే పంపేస్తాను, మా పాల మనిషి క్యూఆర్‌కి కట్టేది అందులోంచే.